దీనమ్మ టీచర్ గీసిన గళ్ళు

వాన వెలిశాక నాపరాళ్ళ మీద నుంచి లేచే వాసన తగిలితే చాలు, గురజాలలో మా హైస్కూలు వరండా, అక్కడ చాక్‌పీసుతో నేల మీద కూర్చున్న దీనమ్మ టీచర్ గుర్తొస్తారు. ఈ ఉదయం మా యూనివర్సిటీ మెట్ల దగ్గర అదే జరిగింది. ఆవిడ మాకు లెక్కలు చెప్పారు. పోయి రెండేళ్ళయింది. నా పరిశోధనకు పునాది ఆ వరండాలో పడిందంటే మా డిపార్ట్‌మెంటులో నవ్వుతారు. నవ్వనీ.

తొమ్మిదో తరగతిలో ఒక మధ్యాహ్నం ఆవిడ నేలంతా తేనెపట్టులాగా ఆరు మూలల గళ్ళు గీసి, ఒక్కో గడికీ మాచేత రూపాయి బిళ్ళ ఎగరేయించారు. బొమ్మ పడితే గడి నింపాలి, బొరుసు పడితే వదిలేయాలి. నింపిన గళ్ళ మీదుగానే చీమ ఈ అంచు నుంచి ఆ అంచుకు పోగలదా అన్నది ప్రశ్న.

"సగం గళ్ళు నిండుతాయిగా టీచర్, దారి ఖాయం," అన్నాను, క్లాసులో ఫస్టు వచ్చే పిల్లకుండే పొగరుతో.

"ఏంది, ఖాయమా? ఎవురు చెప్పారే నీకు?"

"చూస్తేనే తెలుస్తంది టీచర్."

"చూసి చెప్పబాకు. వేసి చూడు."

పదిసార్లు వేయించారు. ఆరుసార్లు దారి దొరకలేదు. నాకు ఏడుపొచ్చింది.

పెద్దయ్యాక ఆ ఆటే నా వృత్తి అయింది. గళ్ళను చిన్నవి చేసుకుంటూ పోతే, మొత్తం పటాన్ని కోణాలు చెడకుండా ఎలా సాగదీసినా దారి దొరికే అవకాశం మారదని భౌతికశాస్త్రవేత్తలు ఎప్పుడో ఊహించారు. కన్ఫార్మల్ ఫీల్డ్ థియరీ అనే వాళ్ళ లెక్క ఇలాంటివి చాలా చెబుతుంది. వాటిని నిరూపించడం మా గణితజ్ఞుల పని. అలాంటి మరో ఆట మీద నేను రెండు సిద్ధాంతాలు రాశాను. ఆ పరిశోధన పత్రాన్ని ఒక మంచి పత్రిక అంగీకరించింది. దాని బలంతోనే ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా వచ్చింది.

అప్పుడు దొరికింది తప్పు. గళ్ళను చిన్నవి చేయడం, పటాన్ని పెద్దది చేయడం, ఏది ముందు చేసినా ఫలితం ఒకటేనని, నిరూపించకుండానే ఒక్క వాక్యంలో దాటేశాను. పక్కన 'ఇది స్పష్టమే' అని కూడా రాశాను. రెండో సిద్ధాంతమంతా దాని మీదే నిలబడి ఉంది. పత్రాన్ని పరిశీలించిన పెద్దలకు కూడా అది కనపడలేదు.

గురజాలలో టీచర్ ఇంటికి వెళ్ళాను. సలహా కోసం కాదు, పర్లేదులే అనిపించుకోవడానికి. ఆవిడ చింతపండులో గింజలు తీస్తూ విన్నారు.

"చిన్న సందు టీచర్. ఫలితం నిజమే అయ్యుంటుంది. ఇంటర్వ్యూ అయినాక సరిచేస్తాను."

"సరిచేయడం వచ్చా నీకు?"

"ఇంకా రాలేదు."

"మరి రానిదాన్ని వచ్చినట్టు వాళ్ళకెట్టా చెప్తావే?" గొంతు పెంచలేదు. "అన్నం తిని పో."

ఆ అన్నం సగంలోనే వదిలేసి లేచాను. ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అయినా బస్సు సత్తెనపల్లి దాటేలోపు సంపాదకుడికి మెయిల్ రాసి పత్రాన్ని వెనక్కు తీసుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు.

మూడేళ్ళకు ఒక్క సిద్ధాంతంతోనే పత్రం అచ్చయింది. తీసుకెళ్ళి ఇస్తే కళ్ళజోడు పెట్టుకొని తిరగేశారు.

"ఒక్క ముక్క అర్థం కాలే. నాకు తెలిసే పేజీ ఏదన్నా ఉంటే చూపియ్యి."

చివరి పేజీ చూపించాను. రెండో ఫలితం నిజమో కాదో నాకు తెలియదని అక్కడ రాశాను. ఆ వాక్యాన్ని ఆవిడ రెండుసార్లు చదివారు.

"ఇది బాగా రాశావమ్మా," అన్నారు.

ఆ రెండో ఫలితం ఇప్పటికీ నాకు లొంగలేదు. కానీ ఏ పత్రం మొదలుపెట్టినా, నాకు తెలియనిదేదో ముందు రాసుకొని, ఆ తర్వాతే తెలిసింది రాస్తాను.