విరిగే చోట ఎర్ర దారం

బస్సు మలుపు తిరగ్గానే ఓ ఇసుక సంచి వచ్చి నా పాదం మీద పడింది. తీద్దామని వంగితే పక్క సీటావిడ నా చేతి మీద ఒక్కటేసింది.

"ముట్టుకోకండి. మూతి ఊడితే మీరు ఎత్తిపోస్తారా?"

"నా కాలు దాని కింద ఉంది తల్లీ."

"కాలు తీసుకోండి."

తీసుకున్నాను. ఊళ్లు పట్టుకు తిరిగే బతుకులో నానారకాల వాళ్లచేత తిట్లు తిన్నాను గానీ, ఇసుక తరఫున తిట్టినవాళ్లు ఇంతకుముందు తగల్లేదు. అందుకే మాట కదిపాను.

పిల్లలు ఈవిడను ఇసుక టీచర్ అంటారట. అసలు టీచరే కాదు. స్ప్రింగుల ఫ్యాక్టరీలో, తయారైన సరుకును విరిగేదాకా లాగి చూసే విభాగంలో పనిచేసింది. అది మూతపడ్డాక ఓ బడిలో పాత సామాన్ల గది అడిగి పుచ్చుకుని, సెలవురోజుల్లో పిల్లలచేత ఐస్‌క్రీం పుల్లలతో వంతెనలు కట్టిస్తోంది. వంతెనకు బకెట్టు వేలాడదీసి, అది విరిగేదాకా జల్లించిన ఇసుక సన్నధారగా పోస్తారు. ఎక్కువ బరువు మోస్తే గెలిచినట్టు కాదు. ఎక్కడ విరుగుతుందో పిల్లలు ముందే చెప్పి అక్కడ ఎర్ర దారం కట్టాలి. దారం దగ్గరే విరిగితే గెలుపు.

విరగడం గురించి లావుపాటి పుస్తకాలు చదివినవాణ్ణి. లెక్కలేనన్ని వంతెనలు దాటినవాణ్ణి. ఎక్కడ విరుగుతుందో చెప్పిన ఇంజనీరు మాత్రం ఒక్కడూ కనబడలేదన్నాను.

"చెబితే మీరు దాటరుగా," అంది.

ఇవాళ తల్లిదండ్రుల ముందు ప్రదర్శన. హెడ్మాస్టరుకి ఆ గది మీద కన్నుంది, కుర్చీలు పెట్టించాలని. వచ్చినవాళ్లు మెచ్చుకుంటే గది పిల్లలకి, లేకపోతే కుర్చీలకి.

"మీరెక్కడ దిగాలి?"

"ఎక్కడైనా ఒకటే."

"అయితే సంచి పట్టండి."

బడి హాల్లో వంతెనలు బల్లల మధ్య వరసగా పెట్టి ఉన్నాయి. ముందుగా ఓ సన్నపాటి అమ్మాయి వంతొచ్చింది. ఎడమవైపు అతుకు దగ్గర దారం కట్టింది. టీచర్ నా చేతిలోని సంచి ఓ డబ్బాలోకి ఒంపుకుని, బకెట్టులోకి ఇసుక పోసింది. బకెట్టు నిండింది. వంతెన కిమ్మనలేదు. హాలంతా చప్పట్లు. అమ్మాయి తండ్రి లేచి నిలబడి మరీ కొట్టాడు.

అమ్మాయి మొహం మాడిపోయింది. "ఇది విరగాలి టీచర్. ఇక్కడ పుల్లకి పగులుంది, నేను చూసుకున్నా."

టీచర్ బకెట్టు దించి, ఇసుక మళ్లీ డబ్బాలో పోసి, వంతెన తిరగేసింది. అడుగున సన్నటి ఇనుప పట్టీ, పుల్లల రంగే పూసి ఉంది. మిగతావీ తిరగేసింది. అన్నిటికీ అదే.

హెడ్మాస్టరు దాచలేదు. "నిన్న సాయంత్రం నేనే వేయించాను. పదిమంది ముందు మన పిల్లలు కట్టినవి ఫెళఫెళా కూలితే బడి పరువేం కావాలి?"

"విరగడానికే కట్టారండీ."

"విరగ్గొట్టినందుకు జీతమిచ్చేది ఫ్యాక్టరీలో. ఇది బడి." గొంతు తగ్గించాడు. "అందరూ సంతోషించారు. గది మీకే ఉంచుతాను. దీన్నిలా వదిలెయ్యండి."

"నిలబడినదాన్ని కెలకడమెందుకమ్మా?" అన్నాడు తండ్రి. "మావాళ్లకి ఫోటో కూడా పంపేశా."

అమ్మాయి తలొంచుకుని దారం ముడి విప్పుతోంది.

"విప్పకు," అంది టీచర్.

చేతిసంచిలోంచి పట్టకారు తీసి పట్టీ ఊడబీకింది. వంతెన మళ్లీ బల్లల మధ్య పెట్టి, ఇసుక డబ్బా అమ్మాయికిచ్చింది. సగం బకెట్టయినా నిండకముందే టప్పుమంది. బకెట్టు పడి ఇసుక నేలమీద కుప్పయింది. విరిగింది సరిగ్గా దారం దగ్గర.

"చెప్పానా," అంది అమ్మాయి తండ్రితో.

"విరిగినదానికి సంబరమేంటే? పద," అన్నాడాయన.

ఈసారి చప్పట్లు లేవు. ఎవరో కుర్చీ గట్టిగా వెనక్కి నెట్టారు. హెడ్మాస్టరు చెయ్యి చాపాడు. "గది తాళం ఇవ్వండి."

ఆమె తాళంచెవి తీసి ఆ చేతిలో పెట్టలేదు. ఇసుక కుప్పలో పడేసి, కాలితో లోపలికి తొక్కింది.

"జల్లించిన ఇసుకేనండీ. చేతులు గీసుకోవు."

హెడ్మాస్టరు వంగి వెతకడం మొదలెట్టాడు. ఆమె నా చేతిలోని ఖాళీ సంచి లాక్కుని, దులిపి, మడిచి చంకలో పెట్టుకుంది. గుమ్మం దాటి వెళ్లిపోయింది.