బోర్లించిన గ్లాసు

ఉదయగిరి బస్టాండు ఎదుట బర్కతుల్లా టీ అంగట్లో పొద్దున్నే ఒకరు పేపరు పైకి చదివేవారు, మిగిలినవారు వాదించుకునేవారు. దుత్తలూరు మెట్టరైతులు, డ్రైవర్లు, కొయ్య గరిటెలు చెక్కేవాళ్లు, అందరికీ అక్కడ మాట్లాడే హక్కు ఉండేది. నియమం ఒక్కటే: బూతు రాకూడదు. వస్తే బర్కతుల్లా ఆ మనిషి గ్లాసును బల్ల మీద బోర్లించేవాడు. మళ్లీ బర్కతుల్లాయే నిలబెట్టేదాకా ఆ మనిషి వినవచ్చు గానీ వాదనలో నోరు విప్పకూడదు. సాధారణంగా మర్నాటికి గ్లాసు లేచేది.

"గ్లాసులు సరిగ్గా కడగవు గానీ, మా నోళ్లు కడుగుతావేందిరా?" అని షంషుద్దీన్ ఎగతాళి చేసేవాడు. గరిటెలు చెక్కే షంషుద్దీన్, బర్కతుల్లా ఒకే పలక మీద అక్షరాలు దిద్దుకున్నవారు. షంషుద్దీన్ మాటకారి. అతను రాని పూట వాదన చప్పగా ఉండేది.

1977 వేసవిలో షంషుద్దీన్ కూతురు ఫాతిమాకు కాన్పు కష్టమైంది. ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సు లేని వేళ. ఆ వీధుల్లో జీపు ఉన్నది భూస్వామి రామనారాయణకే. షంషుద్దీన్ ఆయన గుమ్మంలో నిలబడి బతిమాలాడు. డ్రైవరు లేడన్నారు. ఎద్దులబండి ఆత్మకూరు చేరకముందే ఫాతిమా చనిపోయింది.

నలభయ్యో దినం గడిచాక షంషుద్దీన్ మళ్లీ అంగడికి వచ్చాడు. ఆ పూట పేపర్లో కాన్పు మరణాల వార్త ఉంది. రామనారాయణ టీ తాగుతూ, ఎప్పటి మర్యాదతోనే అన్నారు.

"చదువులేనివాళ్లు నొప్పులు ముదిరిందాకా ఇంట్లోనే పెట్టుకుంటారండీ. పాపం, తప్పు ఎవరిదనుకోవాల?"

షంషుద్దీన్ లేచి ఆయన్ని ఒక్క మాట అన్నాడు. తల్లిని పట్టి తిట్టే మాట. బర్కతుల్లా చెయ్యి గ్లాసు మీదికి పోయింది.

"నాకా బోర్లిస్తా ఉండావు?"

"అందరికీ ఒకటే గదరా."

"మరి ఆయన అన్నదాంట్లో బూతు లేదా?"

బర్కతుల్లా గ్లాసు బోర్లించాడు.

మర్నాడు అంగడి తెరవగానే దాన్ని నిలబెట్టాడు. షంషుద్దీన్ వచ్చాడు, టీ తాగాడు, ఖాళీ గ్లాసును తానే బోర్లించి వెళ్లాడు. ఆ తర్వాత ప్రతిరోజూ అంతే. బర్కతుల్లా మొదట అలక అనుకున్నాడు. ఏడాది తిరిగాక భయపడి భార్య మస్తాన్‌బీని అతని ఇంటికి పంపాడు. "టీ బాగుండాది, భాబీ. అంగట్లో మాత్రం నన్ను మాట్లాడమనబాకండి" అన్నాడట.

"తిట్టరా! నన్నే తిట్టు, ఎంత పచ్చిగానైనా తిట్టు!" అని ఒకసారి బర్కతుల్లా అతని చేతులు పట్టుకున్నాడు. షంషుద్దీన్ మెల్లగా చేతులు విడిపించుకుని గ్లాసు బోర్లించాడు.

అతను 1984లో చనిపోయాడు. మట్టి చేసి వచ్చి బర్కతుల్లా అంగట్లో కూర్చున్నాడు. రామనారాయణ పరామర్శకు వచ్చారు.

"మంచి మనిషే. కాస్త నోరు అదుపులో ఉండేది కాదు గానీ."

షంషుద్దీన్ ఆనాడు అన్న మాటనే, అక్షరం మార్చకుండా, బర్కతుల్లా ఆయన మొహాన అన్నాడు. తర్వాత తన గ్లాసు కడిగి, షంషుద్దీన్ చివరిసారి బోర్లించిపోయిన గ్లాసు పక్కన బోర్లించాడు.

అంగడి నడిచింది. వాదనలూ నడిచాయి. అతను మాత్రం వాటిలో మాట కలపలేదు. "నీ గ్లాసు నువ్వే నిలబెట్టుకో భాయ్, అడిగేవాళ్లెవరు?" అని డ్రైవర్లు చెప్పి చూశారు.

"నేను నిలబెట్టేది కాదయ్యా అది" అన్నాడు. "వాడు రావాల."