దారం చూసి ఇచ్చిన జామీను

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చాందా బజారులో అందింది. తెచ్చినవాడు సిరొంచ నుంచి దసలి పట్టుదారం వేసుకొచ్చే బండివాడు. దూరం నుంచే నన్ను చూసినా పలకరించలేదు. బండి ఆపి, ఎడ్లను విప్పి, వాటికి నీళ్లు పెట్టి, అప్పుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మీ అత్త పోయింది పంతులూ. నిద్రలనే పోయింది. పొద్దుగాల లేపవోతే లేవలే" అన్నాడు.

నాకు ముందు దుఃఖం రాలేదు. ఆ చివరి నిద్రలో ఆమెకు ఏ కల వచ్చిందో, దాన్ని ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోయిందే అనిపించింది.

ఆమెను ఎరగనివారికి ఈ మాట వింతగా ఉంటుంది. అత్తకు రోజూ కలలు వచ్చేవి. పొద్దున లేచి మొహం కడుక్కోగానే, పొయ్యి ముట్టించక ముందే, ఆ కలను ఎవరికో ఒకరికి చెప్పాలి. నేనుంటే నాకు, లేకపోతే పక్కింటివాళ్లకు, వాళ్లూ లేకపోతే కంచె మీద నుంచి తల పెట్టి చూసే మేకకు. "కల కడుపుల పెట్టుకుంటె పులుస్తది బిడ్డా, చెప్పుకుంటె చల్లవడ్తది" అనేది. వాటికి అర్థాలు వెతికేది కాదు. మంచిదా చెడ్డదా అని ఎవరినీ అడిగేది కాదు. నిన్న వాగు అవతలికి పోయి వచ్చాను అని చెప్పినంత మామూలుగా, రాత్రి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో చెప్పేది. చిన్నప్పుడు నాకు ఆమె కలలకూ మా ఊరికీ మధ్య హద్దు సరిగా తెలిసేది కాదు. ప్రాణహిత ఒడ్డున పొగమంచులో నిలబడ్డ ఏనుగును నేను నిజంగా చూశానో, ఆమె కలలో విన్నానో ఇప్పటికీ చెప్పలేను.

నన్ను కన్న తల్లి నాకు గుర్తు లేదు. నాయన గోదావరిలో పొగపడవలకు అడ్డొచ్చే బండలు పగలగొట్టే పనికి పోయి, అక్కడి జ్వరంతో తిరిగి రాలేదు. అప్పటికే భర్త పోయి పుట్టింట్లో ఉన్న అత్త నన్ను తన వాకిట్లోకి తెచ్చుకుంది. పెర్మిలి, ఏటపల్లి అడవుల నుంచి గోండు ఆడవాళ్లు పట్టుకాయలు, అంటే అడవి పట్టుపురుగులు తమ చుట్టూ అల్లుకున్న గూళ్లు, బుట్టల్లో తెచ్చి ఇచ్చేవారు. లోపలి పురుగు రెక్కలొచ్చి కాయ పగలగొట్టకముందే అత్త వాటిని బూడిద నీళ్లలో ఉడకబెట్టి, తొడ మీద పేనుతూ దారం తీసేది. ఆ దారాన్ని బండ్లవాళ్లు చాందాకు తీసుకుపోయేవారు. దాన్ని ఎవరు నేస్తారో, ఎవరు కడతారో ఆమెకు తెలియదు. చాందా అన్నది ఆమెకు బండ్లు వెళ్లే దిక్కు మాత్రమే.

ఆ రోజుల్లో సిరొంచ జిల్లాకు పెద్ద ఊరు. కచేరీ ఉండేది, దొరల బంగళాలు ఉండేవి, సర్కారు బడి ఉండేది. బడి పంతులుగారు గోదావరి దిగువ సీమ నుంచి పడవెక్కి వచ్చినవారు. నేను చదవగలనని ముందుగా అనుకున్నది ఆయనే. తన తమ్ముడింట్లో ఉంచి నన్ను నాగపురంలో పై చదువు చదివించారు. అక్కడే యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష రాశాను, గట్టెక్కాను. మా జిల్లా నుంచి జబల్పూరు కాలేజీకి పోయే ఒక విద్యార్థికి సర్కారు చదువు ఖర్చుకు నెలనెలా వజీఫా ఇస్తుందనీ, అది నాకే ఖాయమైందనీ పంతులుగారు మా వాకిట్లో నిలబడి చెప్పారు. అత్త ఆ మాట విని చేతిలోని కాయను మళ్లీ నీళ్లలోకి జారవిడిచింది. వజీఫా లేకుండా జబల్పూరు కాలేజీ అన్నది మాకు ఊహలోకైనా రాదు.

ఆ మాట చల్లారకముందే మా జిల్లా పోయింది. పొగపడవల పని అంతకు ముందే మానేశారు. ఇప్పుడు జిల్లానే ఎత్తేసి, మా వైపు ఊళ్లను చాందాలో కలిపారు, మిగతావి ఇంకెటో కలిపారు. కచేరీ బీరువాలు పడవల్లోకెక్కాయి. దొరల కుర్చీలు, అద్దాలు, ఒక పియానో కూడా నది మీద తేలిపోతూ వెళ్లడం మేము ఒడ్డున నిలబడి చూశాం. పంతులుగారికి కూడా బదిలీ అయింది. వెళ్లే ముందు ఆయన తల దించుకుని, జిల్లాయే లేనప్పుడు జిల్లా వజీఫా ఎక్కడిదని అన్నారు.

అత్త ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున మాత్రం ఎప్పటిలాగే కల చెప్పింది. కలలో పెద్ద ఇంటి ముందర కూర్చుని ఉందట. లోపల ఎవరో ఉన్నారట గానీ తలుపు ఎటువైపు ఉందో కనబడటం లేదట. చెప్పడం అయిపోయాక లేచి, తీసిన దారమంతా కట్టలు కట్టింది.

"చాందకు పోదాం" అంది. "అడుగుతె పోయేది ఏంది? నోరు అరుగుతదా?"

ఎండాకాలం అది. దారం బండ్లతోపాటే బయలుదేరాం. తెల్లవారుజామున ఎడ్లను కట్టి, ఎండ ముదిరాక ఏ వాగు పక్కనో విప్పేవారు. అడవంతా ఇప్పపూల వాసన. ఆకులు రాలిన టేకు చెట్ల మధ్య నుంచి బండ్లు పోతుంటే, చక్రాల కింద ఆ ఎండుటాకుల చప్పుడు ఎవరో పక్కనే గుసగుసలాడుతున్నట్టు ఉండేది. అత్త దారపు మూటల మీద పడుకుని సగం నిద్రలో ఉండేది. కళ్లు తెరిచి ఒక వాగును చూసి, దీన్ని నేను ముందే చూశాను, కలలో ఇక్కడ నీళ్లుండె, అనేది. ఊరు దాటి ఎన్నడూ రాని మనిషికి ఆ దారి అంత తెలిసినదిగా ఎలా ఉందో నాకు అర్థం కాలేదు. నేను మాత్రం రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. నా ఈడువాళ్లు అప్పటికే జబల్పూరు రైలెక్కి ఉంటారు.

చాందా కచేరీ ముందర కానుగ చెట్టు కింద కూర్చున్నాం. పొద్దున వచ్చేవాళ్లం, తలుపులు మూసేదాకా ఉండేవాళ్లం. అక్కడ అంతా మరాఠీ. అత్తకు అది రాదు, నాకు నాగపురంలో అబ్బింది. గుమాస్తా మంచివాడే, కానీ పని ఒత్తిడి మనిషి. పాత జిల్లా వజీఫాలతో తమకు సంబంధం లేదని మొదటి రోజే చెప్పేశాడు. నేను లేచి వెళ్లిపోదామన్నాను. అత్త కదలలేదు. మూడో రోజు ఆయన బయటికి వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడి, నేను తర్జుమా చేస్తానన్న నమ్మకంతో తెలుగులోనే అడిగింది.

"జిల్ల పోయిందంటున్నరు, సరే. పిల్లగాడు పోలేదు గద? గీడనే నిలవడ్డడు. వీడు ఇప్పుడు ఏ జిల్ల పిల్లగాడు, జర చెప్పున్రి."

నేను ఆ మాటను వీలైనంత మెత్తగా మరాఠీలో చెప్పాను. గుమాస్తా నా వైపు, ఆమె వైపు చూశాడు. లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి వచ్చి, చాందా జిల్లాకు కూడా అలాంటి వజీఫా ఒకటుందనీ, ఈ ఏడు దానికి ఎవరూ రాలేదనీ, మా ఊరు ఇప్పుడు ఈ జిల్లాదే కనుక అడగవచ్చుననీ చెప్పాడు. అయితే చదువు మధ్యలో మానేస్తే ఇచ్చినదంతా తిరిగి కడతామని చాందాలో ఇల్లున్నవారు ఇద్దరు జామీను ఉండాలి. సంతకం పెట్టాల్సిన జిల్లా సాహెబు రెండు రోజుల్లో దౌరాకు, ఊళ్లు తిరిగి చూడటానికి, బయలుదేరుతున్నాడు. ఆలోగా తేవాలి.

చాందాలో మాకు తెలిసినవారు ఒక్కరూ లేరు. తలుపు దొరికింది గానీ దానికి తాళం ఉందన్నట్టు అయింది నా పని. అత్త మాత్రం బండివాణ్ని అడిగింది, నా దారం ఇక్కడ ఎవరు కొంటారు, వాళ్ల ఇళ్లు చూపించు అని.

నేతగాళ్ల వాడ కోటగోడ నీడలో ఉంది. ఇంటింటా మగ్గం ఆడుతోంది. మాట మన తెలుగే, మరాఠీ కలిసిన తెలుగు. బండివాడు ఒక ముసలి నేతగాడి ఇంటి ముందు మమ్మల్ని నిలబెట్టాడు. అత్త తానెవరో చెప్పుకోలేదు. సంచిలోంచి ఒక దారపు కట్ట తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లు సగం మూసుకుని దాన్ని వేళ్ల మధ్య నుంచి జారనిచ్చాడు. లోపల మగ్గం మీద ఉన్న ఆయన తమ్ముడు కూడా నేత ఆపి బయటికి వచ్చాడు.

"బాయీ, గీ దారం తీసేది నువ్వేనా?" అన్నాడు ముసలాయన. "పైన మంచిది సుట్టి లోపల తుక్కు పెడ్తరు అందరు. ఎన్నేండ్ల సందో సూస్తున్న, గీ కట్టల మాత్రం పైన ఎట్లనో లోపల గట్లనే ఉంటది. ఎవరో ఏమో అనుకునేటోణ్ని."

అత్త సిగ్గుపడి కొంగు సర్దుకుంది. ఆమె ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. అప్పుడు వచ్చిన పని చెప్పింది. ఏమీ దాచలేదు. తనకు భూమి లేదనీ, వీడు మానేస్తే తాను కట్టలేననీ కూడా చెప్పింది.

"వీడు సదువు గెలుస్తడో గెలువడో నేను చెప్పలేను. గని మీకు చెప్పకుండ పారిపోడు. గదొక్కటి చెప్త" అంది.

అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముసలాయన నన్ను ఏమీ అడగలేదు. కట్టను మళ్లీ ఒకసారి తడిమి, పొద్దున కచేరీకి వస్తామన్నాడు. అన్నట్టే ఉతికిన తలపాగాలు చుట్టుకుని వచ్చారు. జామీనుదారులకు విద్యార్థి ఏమవుతాడని గుమాస్తా అడిగాడు. మా అందరి వైపూ ఒకసారి చూసి, ఆయనే 'చిరకాల పరిచయం' అని రాసుకున్నాడు. అప్పటికి వాళ్లు మా మొహాలు చూసి ఒక రోజు కూడా కాలేదు.

నాగపురం వెళ్లే బండిలో నన్ను ఎక్కించేటప్పుడు అత్త ఒక్క మాటే అంది. "జామీనంటె పైసలు గాదు అల్లుడా, వాళ్ల పేరు. మంచిగ పట్టుకపో."

జబల్పూరులో నా మొదటి ఏడు సుఖంగా గడవలేదు. వజీఫా ఆలస్యంగా వచ్చేది. రోజూ తరగతికి వచ్చానని కాలేజీ పెద్ద సంతకం చేస్తేనే నెల చేతికందేది, జ్వరమొస్తే అదీ లేదు. తోటివాళ్ల ఇంగ్లీషు ముందు నా నోరు పెగిలేది కాదు. సెలవులకు ఇంటికి వచ్చి, ఇక వెళ్లలేను అత్తా అన్నాను. ఆమె కోప్పడలేదు, నేతగాళ్ల పేరెత్తలేదు. మర్నాడు పొద్దున మాత్రం, నేను పడుకుని ఉండగానే నా పక్కన కూర్చుని కల చెప్పింది. మేమిద్దరం పడవలో ఉన్నామట. తెడ్డు వేసేవాడు లేడట. రేవు ఎప్పుడొస్తుందని నేను ఒకటే అడుగుతున్నానట.

"మరి నువ్వేమన్నవ్?" అని అడిగాను. అంతకు ముందు ఏనాడూ అలా అడగలేదు.

"పండుకో అన్న. మనం పండుకున్నా ఏరు పండుకోదు గద" అంది.

సెలవులయ్యాక వెళ్లాను. వెళ్లేటప్పుడు చాందాలో ఆగి ముసలాయనకు దండం పెట్టుకున్నాను. ఆ తరవాత కూడా ఇంగ్లీషు నాకు సులువు కాలేదు, కానీ భయం తగ్గింది. రెండో ఏడు చివర ఆ చదువు ఆఖరి పరీక్ష దాటాను, చాందాలోనే బడిపంతులు ఉద్యోగం దొరికింది. జామీను తీరిపోయిందని చెప్పడానికి వెళితే, ముసలాయనకు ఏ జామీనో వెంటనే గుర్తు రాలేదు. అత్త బాగుందా అని అడిగాడు.

అత్తను నా దగ్గరికి తెచ్చుకున్నాను. కొద్దిరోజులే ఉంది. అన్నం సయించింది, నేతగాళ్ల వాడలో పొద్దు గడిచింది. కానీ ఒక పొద్దున బిక్కమొహంతో కూర్చుంది. "ఈడ నిద్ర పడ్తున్నది గని కల పడ్తలేదు బిడ్డా. పరేషానైతున్నది" అంది. మర్నాటి బండికి సిరొంచ పంపించాను. వెళ్లాక మొదటి పొద్దునే రెండు కలలు చెప్పిందట, పక్కింటివాళ్లు నవ్వుతూ కబురు చేశారు.

పోయిన కబురు విని నేను సిరొంచ చేరేసరికి మృగశిర వానలు పడ్డాయి. కొరివి పక్కింటివాళ్ల కొడుకు పెట్టాడు. నేను నదిలో మునిగి, తడిబట్టలతో ఆమె వాకిట్లో నిలబడ్డాను. వాకిలి ఊడ్చి దీపం పెడుతున్నారు గానీ నేను వచ్చేదాకా లోపలి తలుపు తీయలేదని పక్కింటామె చెప్పింది. పెర్మిలి నుంచి కాయల బుట్టలు రెండు వచ్చి లోపల ఉన్నాయనీ, ఒంట్లో బాగాలేక అత్త వాటిని ఉడకబెట్టలేదనీ కూడా చెప్పింది.

తలుపు తోశాను. మొదట గోడలు ఊపిరి తీస్తున్నాయనిపించింది. తరవాత కళ్లు చీకటికి అలవాటుపడ్డాయి. వానచలువకు కాయలన్నీ పగిలి, పట్టుపురుగులు సీతాకోకలై ఇల్లంతా కూర్చుని ఉన్నాయి. అరచేయంత పసుపు రెక్కలు, ఒక్కో రెక్క మీద అద్దపు బిళ్లలాంటి మచ్చ. దూలాల మీద, ఉట్టి తాళ్ల మీద, మడత పెట్టిన ఆమె చీర మీద, చల్లారిన పొయ్యి గట్టు మీద, రెక్కలు ఆరబెట్టుకుంటూ మెల్లగా విప్పుతూ ముడుస్తూ ఉన్నాయి.

తలుపు తీసే ఉంచి గడప మీద కూర్చున్నాను. పొద్దు వాలేదాకా ఒక్కటీ కదలలేదు. ప్రాణహిత మీద వెలుతురు పల్చబడుతున్న వేళ ఒకటి లేచింది. ఆ వెనక ఇంకొకటి. చప్పుడు లేకుండా నా తల మీది నుంచి ఒక్కొక్కటే వాకిలి దాటి, తడిసిన మద్దిచెట్ల వైపు వెళ్లసాగాయి.