వినకుండానే లేపిన చెయ్యి

ఎనిమిదేళ్ళ నాలుగు నెలలుగా ఒక విషయం నా దగ్గరే ఉంది. మా ఆయనకు చెప్పలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది, ఇక చెప్పే వీలూ లేదు. బిడ్డకు చెప్పలేదు. ఇక్కడ నా పేరు రాయడం లేదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. చిన్న విషయమేనని చాలాసార్లు అనుకున్నాను. చిన్నదయితే ఇన్నాళ్ళు ఎందుకు మోశాను? పెద్దదయితే ఇన్నాళ్ళు అన్నం ఎట్లా సహించింది? ఈ రెండు ప్రశ్నల్లో ఏదీ నాకు తెగలేదు.

ముందు నా సంగతి కొంత చెప్పాలి. గార్ల వైపు ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. టీకాలు, కాన్పులు, గర్భిణుల పరీక్షలు. నా రిజిస్టర్లలో కొట్టివేతలు ఉండేవి కావు. తనిఖీకి వచ్చినవాళ్ళు నా పుస్తకాలు తీసుకుపోయి మిగతా సబ్‌సెంటర్ల వాళ్ళకు చూపించేవాళ్ళు. గర్భిణి పొట్ట మీద గొట్టం, దానికి ఆనించిన నా చెవి, ఎదురుగా ఎడమ చేతి గడియారం. బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టి అంకె రాసేదాన్ని. ఆ లెక్కపెట్టే అలవాటు రిటైరయినా పోలేదు. మెట్లెక్కితే మెట్లు, బస్సెక్కితే స్టేజీలు లెక్కపెడుతూనే ఉంటాను.

యాభై ఎనిమిదో ఏట రిటైరై జనగామలో కట్టుకున్న ఇంటికి వచ్చాం. అరవై మూడో ఏట మా ఆయన పట్టుబట్టి నన్ను చెవి మిషన్ల దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ చెవి పరీక్ష చేసి, మిషన్ అమర్చి, శబ్దం సరిచేసే మనిషి ఒకాయన ఉండేవాడు. నలభై దాటిన వయసు, నెమ్మదస్తుడు. ఆయనను ఇక్కడ సదానందం అంటాను. అసలు పేరు అది కాదు.

వినికిడి ఎప్పటినుంచి తగ్గిందని ఆయన మొదట అడిగాడు. రెండేళ్ళు అన్నాను.

అది అబద్ధం. తొమ్మిదేళ్ళు. అంటే ఉద్యోగంలో ఉండగానే, ఆఖరు నాలుగేళ్ళూ, సన్నటి శబ్దాలు, మెల్లటి శబ్దాలు నాకు అందడం తగ్గిపోయింది. అది నాకు తెలుసు. తెలుసునని నాకు నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు, అయినా తెలుసు. తొమ్మిది అనే మాట నోటిదాకా వచ్చింది. ఆ అంకె బయటపడితే ఎదుటి మనిషి తీసివేత చేస్తాడని భయం వేసింది. అరవై మూడులో తొమ్మిది పోతే యాభై నాలుగు. యాభై నాలుగేళ్ళప్పుడు ఈమె ఏం పని చేస్తోంది? ఏ చెవితో చేస్తోంది? చెవి మిషన్లు అమర్చే మనిషికి నా సర్వీసు లెక్కలతో ఏం పని అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

అద్దం గదిలో కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాడు. ఎంత చిన్నగా వినబడినా చెయ్యి లేపమన్నాడు. మొదట బొంగురు శబ్దాలు వచ్చాయి. అవి నిజంగానే విన్నాను, చెయ్యి లేపాను. సన్నటి శబ్దాల వంతు వచ్చేసరికి ఏమీ రాలేదు. అద్దం అవతల ఆయన కుడి భుజం మాత్రం కొంచెం కుంగింది. మీట నొక్కాడన్నమాట. చెయ్యి లేపాను. మళ్ళీ కుంగింది, మళ్ళీ లేపాను. కాసేపటికి ఆ భుజం చూడాల్సిన పని కూడా లేకపోయింది. ఒక శబ్దానికీ ఇంకో శబ్దానికీ నడుమ నాలుగో ఐదో అంకెల వ్యవధి ఉంది. లోపల లెక్క నడుస్తోంది, చెయ్యి లేస్తోంది. మోసం చేస్తున్నానని ఆ క్షణంలో అనుకున్నానా? ఎంత వెతికినా గుర్తు రావడం లేదు. నాకు బాగా వచ్చిన పని చేస్తున్నాననిపించినట్టు మాత్రం గుర్తు.

వయసుకు మంచిగానే ఉన్నాయమ్మా, కొంచెమే తక్కువ అని గ్రాఫ్ కాగితం చేతిలో పెట్టాడు. నాకు సంతోషం కలిగింది. మా ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "గింత మంచిగ వినవడ్తె నేను పిలిస్తె ఎందుకు పలుకవే మరి?" అన్నాడు.

ఆ కాగితం ప్రకారమే మిషన్లు అమర్చారు. ఇక మొదలయింది. మనుషుల మాటలు బిందెలోంచి వచ్చినట్టు ఉండేవి. మాటలు అందడం లేదంటే సదానందం శబ్దం పెంచేవాడు. పెంచితే స్టీలు పళ్ళెంలో చెంచా పడిన చప్పుడు పుర్రెలోకి దిగేది, నా నోట్లో అప్పడం నాకే భరించరానంత చప్పుడయ్యేది. తగ్గిస్తే ఫ్యాను హోరు మిగిలి మాట పోయేది. ఏ రోజు ఏ చెవికి ఏ నంబరు పెట్టాడో, ఏం వినబడిందో, ఏం వినబడలేదో అన్నీ పుస్తకంలో తేదీ వేసి రాశాను. "ఎడమ, మూడో నంబరు. కుక్కర్ కూత భరించలేను. మనవరాలి మాట లేదు." మూడు నెలల్లో ఐదుసార్లు పోయాను. ప్రతిసారీ పుస్తకం తెరిచి చదివి వినిపించాను. ప్రతిసారీ ఆయన విని, గ్రాఫ్ చూసి, నా ముఖం చూసి, ఏదో పొసగడం లేదన్నట్టు తల గోక్కునేవాడు. నా చెవి ఒకటి చెప్తోంది, నేనిచ్చిన కాగితం ఇంకొకటి చెప్తోంది. ఆ రెంటి నడుమ ఆయన ఇరుక్కున్నాడు. తిట్టింది మాత్రం నేను.

ఆరోసారి పరీక్ష మళ్ళీ చేద్దామన్నాడు. ఈసారి నా కుర్చీని గోడవైపు తిప్పాడు. భుజం కనబడదు. అయినా లెక్క ఉంది కదా.

అయిపోయాక గదిలోకి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు, బయట కూర్చున్నవాళ్ళకు వినబడకుండా. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుని, పెదవులు నాకు కనబడేలా నెమ్మదిగా మాట్లాడాడు.

"అమ్మా, గిప్పుడు ఎన్నిసార్లు చెయ్యి లేపిన్రు?"

"పదకొండు." అంకె అడిగితే చెప్పకుండా ఉండలేను.

"ఆఖరి నాలుగుసార్లు నేను శబ్దమే పెట్టలేదమ్మా. చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్న."

"నాకు వినవడ్డది. నీ మిషనే ఖరాబయినట్టున్నది."

"మిషన్ పొద్దుగాలనే చూసిన. మంచిగనే ఉన్నది." తలుపువైపు ఒకసారి చూశాడు. "గిండ్ల పాసు, ఫెయిలు ఏం లేదమ్మా. వినవడకపోతె వినవడలేదంటె అయిపాయె. ఎంత తక్కువుంటె గంత పెడ్త. నిజం జెప్పుండ్రి, ఒక్క పూటల సెట్ చేస్త. ఇన్నిసార్లు మిమ్ముల తిప్పుడు నాకు గూడ మంచిగ అనిపిస్తలేదు."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా? ముప్పై ఒక్క ఏండ్లు గీ చెవులతోనే కడుపుల పిల్లల గుండె విన్న. నువ్వు నాకు వినుడు నేర్పుతవా?"

ఆయన స్టూలు కొంచెం ముందుకు జరుపుకున్నాడు. నన్నే చూశాడు. తరువాత చాలా మెల్లగా అడిగాడు. పెదవులు చూసే అర్థం చేసుకున్నాను.

"అందుకేనా, అమ్మా?"

నేను లేచి వచ్చేశాను.

ఆ రెండు మాటల్లో నింద లేదు. ఇప్పుడు తలచుకుంటే జాలి కూడా లేదు. ఒక మనిషికి ఇంకో మనిషి సంగతి అర్థమయింది, అంతే. అదే నాకు భయమయింది. ఈయనకు తెలిసిపోయింది. ఈయన ఆ కుర్చీలో ఉన్నన్నాళ్ళు, జనగామలో నా గురించి తెలిసిన మనిషి ఒకడుంటాడు. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందా అని వెతికాను. లేదు.

తరువాతి సోమవారం మహబూబాబాద్‌లో మా చెల్లెలి ఇంటికి పోయి, అక్కడ ఇంకో చోట చెవి పరీక్ష చేయించుకున్నాను. అదే లెక్క, అదే చెయ్యి. కాగితం మొదటి కాగితంలాగే వచ్చింది. రెండు కాగితాల జిరాక్సులు కలిపి గుచ్చి, దుకాణం యజమానికి ఫిర్యాదు రాశాను. ఆరుసార్లు వచ్చిన తేదీలు, పెట్టిన నంబర్లు, లోపాలు వరుసగా. రెండు చోట్లా ఒకే గ్రాఫ్ వచ్చింది కాబట్టి తప్పు అమర్చే మనిషి పనితనంలోనే ఉందని తేల్చాను. పద్దెనిమిది వాక్యాలు. ఆఖరి వాక్యం, "పెద్దవాళ్ళతో అమర్యాదగా మాట్లాడుతున్నాడు." వచ్చిన తేదీలు నిజమే, లోపాలూ నిజమే. అందుకే ఆ ఆఖరి వాక్యాన్ని కూడా నమ్మారు.

నెల తరువాత బ్యాటరీల కోసం పోతే ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. "మీ కాగితం జూసినంకనే తీసేసిన మేడం. గంత పద్ధతిగ ఎవ్వలు రాసియ్యలే," అన్నాడు యజమాని, మెచ్చుకుంటున్నట్టు. సదానందం తరిగొప్పుల నుంచి రోజూ బస్సుకు వచ్చిపోయేవాడని ఆయన లేనప్పుడే నాకు తెలిసింది. యజమానికి ఆయనను తీసెయ్యడానికి వేరే కారణం ఉందేమో, నా కాగితం సాకు మాత్రమేనేమో. ఈ మాట ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఒక్కోరోజు నమ్మేదాన్ని. రెండేళ్ళ తరువాత ఒకసారి తరిగొప్పుల బస్సెక్కాను. దిగి, అక్కడే అరుగు మీద కూర్చున్నాను. మూడు బస్సులు వచ్చి పోయాయి. ఎవరినీ అడగలేదు. నాలుగో బస్సుకు తిరిగి వచ్చాను. కనబడితే ఏమనాలో తెలియక అడగలేదా, కనబడతాడని భయపడి అడగలేదా?

అసలు భయం వేరే ఉంది. అది కూడా రాస్తేనే ఇది ఒప్పుకోలు అవుతుంది. ఆఖరు నాలుగేళ్ళ రిజిస్టర్లలో బిడ్డ గుండె గడిలో నేను రాసిన అంకెలు, నూట నలభై, నూట ముప్పై ఆరు, నూట నలభై నాలుగు. వాటిలో ఎన్ని విన్నవి? ఎన్ని ఊరికే లోపల నడిచిన లెక్క? ఆ అద్దం గదిలో చెయ్యి అంత సులువుగా లేచిందంటే దానికి ముందే అలవాటయి ఉండాలి కదా. ఆ నాలుగేళ్ళలో నా చేతి మీదుగా పోయిన ఏ తల్లికీ, ఏ బిడ్డకూ ఏమీ కాలేదని నా పుస్తకం చెప్తుంది. ఆ పుస్తకం రాసింది నేనే.

ఈ మధ్య భూపాలపల్లిలో మా బిడ్డ ఇంటికి వచ్చాను. అల్లుడికి బొగ్గు గనుల్లో ఉద్యోగం. ఇన్నేళ్ళుగా మిషన్లు పెట్టుకుని ముఖాలు చూసి తల ఊపుతున్న నన్ను చూసి చూసి, బిడ్డ పాత కాగితాలు పట్టుకుని ఇక్కడి చెవి పరీక్షకు తీసుకుపోయింది. పరీక్ష చేసేది ఒక నడివయసు స్త్రీ. లోపలికి పోయే ముందు గడియారం విప్పి బిడ్డ చేతికిచ్చాను. కళ్ళు మూసుకున్నాను. నాలుగు, ఐదు అని లోపల దానంతటదే నడుస్తోంది. కుడి చెయ్యి లేవబోతోంది. ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని కూర్చున్నాను, నిజంగా ఏదైనా చెవిని తాకినప్పుడే వదిలాను. ఎంత పొడుగు నిశ్శబ్దాలు అవి. ఎన్నిసార్లు చెయ్యి లేపానో తెలియదు. నా పుస్తకంలో అంకె లేని రోజు అదొక్కటే.

కొత్త కాగితంలో గీత సగం దాకా వచ్చి కిందికి దిగిపోయింది. దాని ప్రకారం ఆమె మిషన్లు సరిచేసి చెవులకు పెట్టింది. అప్పుడు నాకు తేటగా, ఒక్క అక్షరం కూడా పోకుండా వినబడిన మొదటి మాటలు ఇవి.

"పాత కాగితాలకు దీనికి అసలు పొంతనే లేదమ్మా. అప్పుడు చూసినాయనకు పని రానట్టున్నది."

"గాయన్ను గప్పుడే తీసేసిన్రు," అంది మా బిడ్డ నవ్వుతూ. "మా అమ్మనే కంప్లైంటు రాసిచ్చింది. మా అమ్మతోని మజాకా కాదు."

చివరి అక్షరాలు కూడా వినబడ్డాయి. నేను నోరు తెరిస్తే చాలు. ఇద్దరూ నావైపే చూస్తున్నారు, మిషన్ ఎట్లా ఉందో చెప్తానని.

"మంచిగ వినవడుతున్నది," అన్నాను. అంతే అన్నాను.

అది జరిగి మూడు వారాలు. నల్లా చుక్కలు, కాగితం తిప్పిన చప్పుడు, పక్కింట్లో ఎవరో దగ్గడం. ఇవన్నీ ఇన్నాళ్ళూ ఉన్నాయా? ఉంటే నేను ఎక్కడున్నాను? ఒక్కోసారి ఏది బయటి శబ్దమో, ఏది నా లోపలి లెక్కో తేల్చుకోలేక మిషన్ తీసి, మళ్ళీ పెట్టి చూస్తున్నాను. సదానందం ఎక్కడున్నాడో తెలియదు. ఇది చదువుతాడని అనుకోను. చదివినా మన్నించాల్సిన పని ఆయనకు లేదు.

ఈరోజు పొద్దున వెంట తెచ్చుకున్న పాత పుస్తకం తీశాను. ఆరోసారి అని రాసిన చోట, "మిషన్ లోపం. అమర్చే మనిషి తప్పు" అని ఉంది. దాన్ని కొట్టేశాను. నా చేతి రాతలో మొదటి కొట్టివేత. కింద రాశాను: "శబ్దం పెట్టలేదు. నేను చెయ్యి లేపాను." ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కొంచెం సులువుగా ఆడింది.

ఆయన ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం ఎదురుగా కూర్చున్నాడు. నేను లేచి వచ్చేశాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

అవును. అందుకే.