దేవుడికంటే ముందు తిన్న ఉండ్రాళ్ళు

నా కూతురు రెండో తరగతి. బోర్డు చూసి రాసుకోకుండా పక్కపిల్ల పుస్తకంలో చూసి రాస్తోందని టీచరు మూడుసార్లు డైరీలో రాసి పంపింది. మూడుసార్లూ నేను దాన్నే తిట్టాను. నాలుగోసారి అనుమానమొచ్చి విజయనగరంలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, అక్షరాల చార్టు చూడగానే ఏడుపు అందుకుంది. సరిగ్గా కనపడటం లేదని దానికి ఎప్పటినుంచో తెలుసట.

ఎందుకు చెప్పలేదే అంటే, వెక్కుతూ, "వినాయక చవితికి దేవుడికి పెట్టకముందే ఉండ్రాళ్ళు తినీసినాను. అలా తింటే కళ్ళు పోతాయని అమ్మమ్మ సెప్పింది కదా" అంది.

డాక్టరు నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పాపానికి శిక్ష పడుతోందనుకుని ఏడేళ్ళ పిల్ల నెలల తరబడి నోరు మూసుకుని మసకలో కూర్చుంది. ఇందులో నవ్వడానికేముంది?

ఆ ఆదివారమే శృంగవరపుకోట బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. అంతా విని, "ఏటే నీ గోల? పిల్లలన్నాక బయం ఉండాల. నీకూ సెప్పినాను కదా, నువ్వేటి పాడైపోనావా?" అంది.

పాడైపోలేదు. కానీ బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే, ఆఫీసుకి ఆలస్యమైనా సరే, కూర్చుని మంచినీళ్ళు తాగి గానీ ఇప్పటికీ గడప దాటను. ఇంటర్లో లెక్కలు తప్పినప్పుడు ఏ దేవుడికి కోపం వచ్చిందా అని వెతుక్కున్నానే గానీ, చదవలేదన్న సంగతి తట్టనే లేదు. ఇదంతా అమ్మకి ఎక్కించడం నా వల్ల కాదు.

"అది నిజం కాదని నువ్వే పిల్లకి సెప్పమ్మా" అని మాత్రం అడిగాను.

"దేవుడి మాట నిజం కాదని నా నోటితో సెప్పమంతావేటి? నా కళ్ళు పోవా?" అంది అమ్మ.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

కళ్ళద్దాలు వచ్చాయి. పిల్ల పెట్టుకోనంది. పెట్టుకుంటే తను తప్పు చేసిందని బడిలో అందరికీ తెలిసిపోతుందట. దేవుడు పిల్లల కళ్ళు తియ్యడే అని వారం రోజులు బతిమాలాను. శనివారం పొద్దున్న నైవేద్యానికి చక్కెర పొంగలి దించుతుంటే వంటింట్లోకి వచ్చి, చెంచాడు తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"అయితే దేవుడికంటే ముందు నువ్వు తిను. నీ కళ్ళకేటీ అవకపోతే పెట్టుకుంటాను."

దేవుడి గది వైపు ఒకసారి చూశాను. తిన్నాను. పిల్ల నా కళ్ళలోకి కాసేపు తేరిపార చూసి, అద్దాలు తగిలించుకుని బడి ఆటో ఎక్కింది.

ఆటో సందు మలుపు తిరిగాక దేవుడి గదిలోకి వెళ్ళి, నన్ను నేను తిట్టుకుంటూనే, లెంపలేసుకున్నాను.