సూది కనబడుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ కంటి ఆసుపత్రిలో నా పేరు పిలిచేలోపే ఎల్‌బీ నగర్ బస్సెక్కి ఇంటికి పారిపోదామనుకున్నాను. షుగర్ వల్ల కంటి లోపల వాపు వచ్చిందని, ఏకంగా కంట్లోనే సూది వేయాలన్నారు. నేను లేవబోవడం పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ పసిగట్టింది.

"ఏంది బిడ్డా, గంత పరేషాన్ అయితున్నవ్? నాకిది అలవాటే. ముందుగాల చుక్కల మందేస్తరు, నొప్పి తెల్వది."

"సూది కనబడుతుందామ్మా?"

"మంచిగ కనబడితే మనం గీడికెందుకొస్తం?"

ఇద్దరం పగలబడి నవ్వాం. నర్సు కసురుకుంది. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్లాను. బయటికి వచ్చేసరికి ఆవిడ లేదు.

మొన్న మళ్లీ సూదికి వెళ్లాను. ఈసారి డాక్టరు చేతిలో అది సన్నగా, మెరుస్తూ, స్పష్టంగా కనబడింది. కదలొద్దని ఆయన మొత్తుకుంటున్నా నాకు నవ్వాగలేదు.