అడ్డదారిన వచ్చిన కణాలు

మొన్న సెలవు రోజున, కరీంనగర్‌లో డాక్టరు చదువు చదువుతున్న మా చెల్లెలి మనవరాలు ఇంటికి వచ్చి మంచం మీద బోర్లా పడుకుని పాఠం వల్లె వేస్తుంటే, పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నేను ఆ పుస్తకంలోని బొమ్మ చూశాను. తల్లి కడుపులో ఉన్న బిడ్డ మెదడు బొమ్మ అది. మెదడు అడుగున ఉన్న ఉబ్బు నుంచి పైపొర దాకా, అడ్డంగా పక్కదారిన పోతున్నట్టు ఎర్రటి బాణాలు గీశారు. ఇది ఎప్పటి నుంచి ఉందే అని అడిగితే, ఎప్పటినుంచో ఉంది అమ్మమ్మా, అందరికీ తెలిసిందే కదా అంది. అందరికీ తెలిసిందేనట! కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

నాకు ఎవరు ఏం చెప్పినా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనుకునే రకాన్ని. తొంభైల మొదట్లో, కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, సాయంత్రాలు పరిశోధన చేసుకునే రోజుల్లో ఈ అనుమానం మరీ ముదిరింది. మెదడులో కొన్ని కణాలు కబురు మోస్తాయి, కొన్ని ఆ కబురును ఎక్కడ ఆపాలో అక్కడ ఆపుతాయి. ఆపేవి సరిగా పనిచేయకపోతే మనిషి ఫిట్స్ వచ్చి పడిపోతాడు. పైపొరలో ఉండే ఈ ఆపే కణాలు కూడా సరిగ్గా దాని కిందనే పుట్టి, తాటిచెట్టు ఎక్కినట్టు నిలువునా పైకి ఎక్కుతాయని అప్పటి పుస్తకాలన్నీ చెప్పేవి. నేను మాత్రం, పుట్టని ఎలుకపిల్లల మెదళ్ళను పలచగా కోసి రంగు పట్టించి చూస్తే, నిలువుగా ఉండాల్సినవి కొన్ని అడ్డంగా పడుకుని కనిపించాయి. ఇవి ఇక్కడ పుట్టినవి కావు, ఎక్కడి నుంచో నడిచి వచ్చినవి అని నాకు అనుమానం వచ్చింది. నా పరిశోధనను నడిపించే గైడుగారికేమో నా చేతి మీద అనుమానం. నీ కోత వంకరమ్మా అనేవారు, అదీ పదిమంది ముందు. ఒళ్ళు మండిపోయేది. ఎలుక సంగతి అట్లా ఉంచు, కోతిలో చూపిస్తే నమ్ముతానన్నారు. చచ్చిన కోతి దొరికితే తీసుకోవచ్చని అటవీశాఖ కాగితం కూడా ఆయనే ఇప్పించారు. అప్పటి నుంచి, కోసిన ముక్క కుళ్ళకుండా నిలవ ఉంచే ఫార్మాలిన్ సీసా లేకుండా నేను బస్సెక్కలేదు.

ఆ ఎండాకాలం చెన్నూరు దగ్గరి పల్లెలో ఉండే మా మేనత్త ఇంటికి పోయాను. పిల్లలు లేరు, మామ పోయి చాలా ఏళ్ళయింది, ఒక్కతే ఉండేది. నేను పోయిన మర్నాడే ఒక ఆడకోతి కరెంటు తీగ తగిలి వీధిలో పడి చచ్చిపోయింది. అక్కడ కోతి చస్తే హనుమంతుడు పోయినట్టే. పసుపు కుంకుమలు పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, డప్పులతో ఊరేగించి ఉప్పు పోసి పూడుస్తారు. తీరా స్నానం చేయించబోతే అది చూలాలని తేలింది. కడుపుతో పోయినదాన్ని అట్లాగే మట్టిలో పెడితే తల్లికీ పిల్లకూ విడుదల ఉండదని, ఇద్దరినీ వేరు చేసి పక్కపక్కన పూడ్చాలని అక్కడి ఆచారం. మరి దేవుడి మీద కత్తి పెట్టేదెవరు? మంత్రసాని నా వల్ల కాదని వెళ్ళిపోయింది. చివరికి ఊరి పెద్దమనిషి నా వైపు తిరిగాడు.

"మేడం, నువ్వు కాలేజీల కప్పలను కోస్తవట గదా. గీ పని జర నువ్వే చెయ్యాలె."

అడక్కుండానే ఇస్తున్నారంటే ఇందులో ఏదో మెలిక ఉందని వెంటనే అనుకున్నాను. ఉండనే ఉంది. నా సంచిలోంచి ఘాటు వాసన వస్తోందని, అందులో సీసా ఉందని ఒక ముసలమ్మ అప్పటికే కనిపెట్టి పక్కవాళ్ళ చెవిలో వేసింది. బాణామతి, చేతబడి అన్న మాట నా చెవినా పడింది. ఆ రోజుల్లో ఆ మాట పడిందంటే ఒంటరి ఆడదాని బతుకు తెల్లారినట్టే. పక్క ఊళ్ళో ఒకామెను కొట్టి తరిమేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

నలుగురు ఆడవాళ్ళు చుట్టూ చీర అడ్డం పట్టి, చూడకూడదని మొహాలు అటు తిప్పుకున్నారు. లోపల నేను, నీళ్ళ చెంబుతో మేనత్త. పని అయింది. పిల్ల తల నిమ్మకాయంత ఉంది, సరిగ్గా నాకు కావలసిన వయసు. మెదడు తీసి సీసాలో వేసుకోవడం రెండు నిమిషాల పని. గైడుగారి నోరు మూయించే ముక్క నా అరచేతిలో ఉంది. నా చెయ్యి సంచి వైపు పోవడం చూసి మేనత్త చెంబు కింద పెట్టింది.

"నువ్వు రేపు బస్సెక్కి పోతవు బిడ్డా. నేను గీడ్నే ఉండాలె" అంది, నాకు మాత్రమే వినపడేలా.

బతిమాలినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. కాగితం ఉంది కదా అత్తా అందామనుకున్నాను. ఆ కాగితం నాకే కానీ ఆమెకు ఏం కాపలా కాస్తుంది? ఏడుపొచ్చింది. పిల్లను కొత్తగుడ్డలో చుట్టి బయటికి ఇచ్చాను. ఆ ముసలమ్మ అందరి ముందూ గుడ్డ విప్పి, తల నుంచి తోక దాకా వేళ్ళతో తడిమి చూసింది, ఆ తర్వాతే గుంత దగ్గరికి తీసుకుపోనిచ్చింది. డప్పులు మోగుతుంటే మేనత్త నా చేతుల మీద పసుపునీళ్ళు పోసింది.

కోతి దొరకలేదని చెప్తే గైడుగారు నవ్వి ఊరుకున్నారు. నేను చేపల మీద రాసి పట్టా పుచ్చుకున్నాను. కొన్నాళ్ళకు ఎక్కడో ఎవరో ఎలుకల్లో ఆ కణాల దారి పట్టుకున్నారని, ఆ తర్వాత కోతుల్లోనూ చాలావరకు అదే దారని తేలిందని ఇప్పుడు ఈ పిల్ల చెబితే తెలిసింది. ఎలుకల్లో అట్లా తేలేనాటికే గైడుగారు పోయారు, నా కోత వంకరన్న నమ్మకంతోనే పోయారు.

ఇప్పుడా పల్లెల్లో కోతులంటే పంటలు పాడుచేసే పీడ. ఒకటి చస్తే డప్పులు లేవు, కుర్చీ లేదు, అడిగితే సంచిలో వేసి మరీ ఇస్తారేమో. మేనత్త మాత్రం ఆ ఊళ్ళోనే, ఎవరి చేతా ఒక్క మాట పడకుండా ఇంకో పదిహేనేళ్ళు బతికింది. ఆమె పోయిన రోజు నేను చేరేసరికి పాడె కట్టి ఉంది, ఆమెకు స్నానం చేయించింది ఆనాడు కోతి చుట్టూ చీర అడ్డం పట్టిన ఆడవాళ్ళే.